కొట్టమునకు ఏ రేకు, గిడ్డంగికి ఏ రేకు?
(హైటెక్ సిటీ చుట్టుపట్ల గ్రామముల రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



రాజేంద్రనగరు నుండి గచ్చిబౌలి మీదుగా మాదాపురము పోవు దారిలో ఈనాడు కనబడునవన్నీ అద్దపు మేడలే. 1998లో అచ్చట సైబర్ టవర్సు వెలసినది. 2023లో కోకాపేటలో ఎకరము 100 కోట్ల రూపాయలకు పైగా వేలమున పలికినది. అయినను ఆ మేడలలో పనిచేయువారికి పాలు, ఆకుకూరలు, పూలు కావలెనన్న శంకరపల్లి, చేవెళ్ళ, మొయినాబాదు వైపు పల్లెలను మరచుటకు వీలు లేదు. ఆ పల్లెలలో మీరు కొత్తగా కట్టుకొను కొట్టముల పైనను, గిడ్డంగుల పైనను ఇప్పుడు రేకులే పడుచున్నవి. గూన పెంకులు సరిచేయు పనివాడు దొరకుట కష్టము. ఆస్బెస్టాసు సిమెంటు రేకుల కంపెనీ 1946లో మన హైదరాబాదులోనే పుట్టినది గాని, ఆ నారదుమ్ము క్యాన్సరు తెచ్చునని తరువాత తేలినది. అట్టి పాత రేకులు మీ ఇంట ఉన్నచో వాటిని కోయరాదు, పగులగొట్టరాదు.

సస్యశాస్త్రము చెప్పువాడు కప్పుల సంగతి ఎందుకు మాట్లాడవలెనని మీరు అడుగవచ్చును. మీరు వచ్చే కారునకు దాచుకొను విత్తనము ఆ కప్పు క్రిందనే ఉండును గదా! నిలువ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు పెరిగిన కొలదియు విత్తనపు ఆయువు దాదాపు సగమగునని విత్తనశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నడివేసవిలో ముదురు రంగు రేకు పైభాగము 60 డిగ్రీలు దాటుట సామాన్యము. దాని క్రింద అటక పైన పెట్టిన వేరుశనగ విత్తనము తొలకరికి మొలవకపోయిన తప్పు విత్తనముది కాదు.

బజారులో దొరకు రేకులు చాల రకములు. అలల రేకు అందరికిని తెలిసినదే. దీనిని 1829లో లండనులో హెన్రీ రాబిన్సన్ పామర్ అను ఇంజనీరు పేటెంటు చేసెను. పలుచని రేకును అలలుగా వంచిన అది వంగక బరువు మోయుననుటయే అందలి కిటుకు. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడగునది గట్లు గట్లుగా వంచిన రంగు రేకు. మూడవది అంచులను నిలువుగా లేపి ఒకదానిపై ఒకటి మడిచి బిగించు కప్పు. దీనికి పైనుండి మరలు కనబడవు, రంధ్రములుండవు. కనుక వాలు మిక్కిలి తక్కువైనను నీరు దిగదు. పొడవైన రేకు ఎండకు సాగి చలికి ముడుచుకొనుటకును ఇందు వీలున్నది. 10 మీటర్ల ఉక్కు రేకు 40 డిగ్రీల తేడాకు దాదాపు 5 మిల్లీమీటర్లు సాగును. పెద్ద ఫ్యాక్టరీలకు ఇది మంచిదే. కాని దానికి యంత్రము, నేర్పరియైన పనివాడు కావలెను. పది పశువుల కొట్టమునకు ఇంత ఆర్భాటము అనవసరము. పెంకు ఆకారపు రేకు చూపునకు అందము. తోట ఇంటికి వేసుకొనుడు, కొట్టమునకు వద్దు. రెండు రేకుల నడుమ నురుగు నింపిన పలకలు ఎండను బాగుగా ఆపును. పూలు, కూరలు చల్లగా ఉంచు గదికి అవి తగినవి. అయితే ఆ నురుగు మండు స్వభావము గలది కనుక గడ్డివామి దగ్గర ఉండరాదు.

ఆకారము కంటె పూత ముఖ్యము. దుకాణదారుడు చెప్పనిది ఇచ్చటనే ఉన్నది. రేకులకు రెండు విధముల పూతలు కలవు. ఒకటి ఉత్త జింకు పూత. చదరపు మీటరుకు రెండు ప్రక్కల కలిపి 120 గ్రాములు మొదలు 275 గ్రాముల వరకు ఉండును. రెండవది నూటికి 55 పాళ్ళు అల్యూమినియము, తక్కినది చాలవరకు జింకు గల పూత. దీనిని గాల్వల్యూము అందురు. వానకు, ఎండకు ఇది ఉత్త జింకు కంటె ఎక్కువ కాలము నిలుచును. కాబట్టి గిడ్డంగికి, పనిముట్ల కొట్టమునకు, ఇంటికి నేను దీనినే చెప్పుదును.

కాని పశువుల కొట్టము వేరు. పశువుల మూత్రము నుండి అమ్మోనియా ఆవిరి లేచును. చలికాలపు రాత్రులలో రేకు అడుగున చెమ్మ పట్టును. ఆ చెమ్మలో అమ్మోనియా కరగి క్షారమగును. క్షారమునకు జింకు కూడ లోబడునదే గాని, అల్యూమినియము మరింత త్వరగా లోబడును. పైన నిగనిగలాడు రేకు అడుగునుండి తినివేయబడును. అందువలననే కంపెనీలు ఇచ్చు హామీ పత్రములలో పశువుల కొట్టములను, కోళ్ళ షెడ్లను సాధారణముగా మినహాయింతురు. పత్రము మడిచి పెట్టెలో పెట్టుటకు ముందు ఆ మాట ఉన్నదో లేదో చదివించుకొనుడు. కొట్టమునకు 275 గ్రాముల జింకు పూత గల రేకును, అడుగు ప్రక్కకు కూడ మందమైన రంగు వేసినదానిని అడుగుడు. మామూలు రేకునకు అడుగున వేయు రంగు నామమాత్రమే. ప్రక్కలు తెరచి, నడికొప్పున గాలి పోవు సందు విడిచినచో సగము రోగము కుదిరినట్లే. యూరియా బస్తాలను గూడ ఈ కప్పునకు తగులునంత ఎత్తున పేర్చరాదు.

రంగు విషయములో అందరును నీలమే కోరుచున్నారు. పాడి పశువుల మేలు కోరువారు తెలుపు కోరవలెను. వేడెక్కిన రేకు అడుగునుండి సెగ నేరుగా పశువు వీపున పడును. అప్పుడది మేత తగ్గించును, పాలు తగ్గించును. సంకర జాతి ఆవు మరింత బాధపడును. చూరు వద్ద 10 అడుగుల ఎత్తు, కొట్టము పొడవు తూర్పు పడమరలుగా ఉండుట మంచిది. కొందరు రేకుపై గడ్డి పరతురు. తడిసిన గడ్డి పూతను తినును. పరచిన ఎండకాలమునకే పరచి, మృగశిర కార్తెకు ముందు తీసివేయవలెను. సున్నము కొట్టుట జింకు-అల్యూమినియము పూతకు ఎంతమాత్రము పనికిరాదు, అదియు క్షారమే.

మందము సంగతి. చీటీపై వ్రాసిన మందములో రంగు కూడ చేరి ఉండవచ్చును. త్రాసును నమ్ముట మేలు. 1220 మిల్లీమీటర్ల వెడల్పు చుట్ట నుండి తీసిన 3 మీటర్ల రేకు, ఉక్కు 0.50 మిల్లీమీటర్లున్నచో 14 కిలోలకు పైగా తూగును. 11న్నర కిలోలే తూగిన అది 0.40 రేకు.

సైబరాబాదులో మేడల పని ముగిసినచోట కూలీల గుడిసెల రేకులు, చుట్టు కట్టిన అడ్డు రేకులు చౌకగా వచ్చును. గోడలకు, కంచెకు అవి బాగే. కప్పునకు మాత్రము నాకు సమ్మతము కాదు. పాత మరల రంధ్రములు మీ దూలములకు కలియవు. ఒక్కొక్క రంధ్రమును ఒక్కొక్క కారుడు.

ఇక బిగింపు. హైదరాబాదు ప్రాంతమునకు కట్టడముల లెక్కలో తీసుకొను గాలి వేగము సెకనుకు 44 మీటర్లు, అనగా గంటకు 158 కిలోమీటర్లు. వైశాఖ మాసపు గాలిదుమారము మొదట పట్టునది చూరు, నడికొప్పు, మూలలు. ఆ చోట్ల ప్రతి గట్టుకును మర వేయవలెను, నడుమ ఒకటి విడిచి ఒకటి చాలును. మర గట్టు మీద ఉండవలెను గాని నీరు పారు పల్లములో కాదు. రబ్బరు బిళ్ళ నొక్కుకొనునంతవరకే బిగించవలెను. చితికినచో రెండేండ్లలో పగులును. మన వాన ఎక్కువగా పడమటి గాలితో వచ్చును. కనుక రేకులు తూర్పు కొసన మొదలుపెట్టి పడమరకు పరచుకొని వచ్చినచో అతుకు నోరు గాలికి ఎదురుగా ఉండదు. వాలు 5 అడుగులకు 1 అడుగు తక్కువ కాకుండ చూడుడు.

దోనె కట్టుట మరువవద్దు. 100 చదరపు మీటర్ల కప్పుపై 800 మిల్లీమీటర్ల వాన పడిన 80,000 లీటర్లు. పోయినది పోగా 65,000 లీటర్లయినను తొట్టికో, బోరు ప్రక్క ఇంకుడు గుంటకో చేరును. రంధ్రములు వేసిన నాటి సాయంత్రమే రేకుపై పడిన ఇనుప రజనును మెత్తని చీపురుతో ఊడ్పించుడు. రాత్రి మంచు తగిలిన తెల్లవారుసరికి కొత్త రేకుపై అది త్రుప్పు చుక్కలై నిలిచిపోవును.