రెండు సింథసైజర్లు - ఒక ఎంపిక



ఈ పాఠంలో మన ముందున్న ప్రశ్న చిన్నదే. రెండు వాద్యాలున్నాయి. రెండూ విద్యుత్తుతో పలికేవే, రెండూ పేరున్నవే. కొనడానికి మన దగ్గర ఒక్క వాద్యానికి సరిపడా డబ్బే ఉంది. ఏది తీసుకోవాలి? దుకాణంలోనో స్నేహితుల మధ్యనో ఈ ప్రశ్న వేస్తే "అది చాలా వెచ్చగా పలుకుతుందండీ", "ఇది కాస్త పదునుగా ఉంటుంది" అని జవాబులు వస్తాయి. వెచ్చదనం, పదును అనే మాటల వెనుక భౌతికశాస్త్రం ఏముంది? అది తెలిస్తే మన డబ్బును పక్కవాడి మాట మీద కాకుండా మన అవసరం మీద ఖర్చు పెట్టగలుగుతాం.

ఆ రెండు వాద్యాలలో మొదటిది 1970లో అమెరికాలో వచ్చిన మినీమోగ్ మోడల్ డి. రెండవది 1972లో అక్కడే వచ్చిన ఆర్ప్ ఒడిస్సీ.

మొదటి దానికి ఆ పేరు రాబర్ట్ మోగ్ అనే ఇంజనీరు వల్ల వచ్చింది. ఆ పేరును చాలామంది 'మూగ్' అంటారు గాని, ఆయన 'మోగ్' అనే పలికేవారు. తెలుగులో 'మోగడం' అనే మాటకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి! కాకతాళీయమే అయినా పేరు గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది. 1964లో ఆయన వోల్టేజితో నడిచే వాద్య భాగాలను ప్రదర్శించారు. అప్పటి యంత్రాలు బీరువాలంత ఉండేవి. అలాంటి ఒక మోగ్ యంత్రాన్ని 1969లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో నెలకొల్పారు. అంటే ఈ కథలో మన దేశానికీ తొలినాళ్ళ నుంచే చోటుంది. ఆ పెద్ద యంత్రాన్ని చంకన పెట్టుకుని వేదిక ఎక్కగలిగేటంత చేస్తే వచ్చినదే మినీమోగ్.

రెండవ దాని పేరులోని 'ఆర్ప్' అనే అక్షరాలు దాని స్థాపకుడు అలన్ ఆర్. పెర్ల్‌మన్ పేరులోని పొడి అక్షరాలు. ఆయనా ఇంజనీరే. విచిత్రమేమిటంటే మినీమోగ్ తయారీ ఆగిపోయినదీ, ఆర్ప్ సంస్థ మూతపడినదీ ఒకే సంవత్సరంలో, 1981లో. కాని ఆ వాద్యాల మీద మోజు పోలేదు. ఒడిస్సీని కోర్గ్ సంస్థ 2015లో మళ్ళీ తయారుచేసింది. మినీమోగ్ 2016లోనూ, 2022లోనూ తిరిగి వచ్చింది. ఇవి కాక రెంటికీ చవక నకళ్ళున్నాయి, కంప్యూటరులో పనిచేసే సాఫ్ట్‌వేర్ రూపాలున్నాయి. కాబట్టి 50 ఏళ్ళ నాటి ఈ ఎంపిక నేటికీ విద్యార్థి ముందు ఉన్న ఎంపికే.

ధ్వని పుట్టే దారి

రెండు వాద్యాలలోనూ ధ్వని మూడు మజిలీలు దాటి వస్తుంది. మొదటిది డోలకం, అంటే ఆసిలేటర్. ఇది కంపనాన్ని పుట్టిస్తుంది. రెండవది ఫిల్టర్, అంటే వడపోత. మూడవది వర్ధకం, అంటే ఆంప్లిఫయర్. ఇది ధ్వని ఎంత బిగ్గరగా మొదలై, ఎలా తగ్గి, ఎప్పుడు ఆగాలో చూసుకుంటుంది. మన గొంతుతో పోల్చుకోండి. స్వరతంత్రులు డోలకం, నోరు ఫిల్టర్, ఊపిరి వర్ధకం. తంత్రులు అవే కంపనాలు చేస్తున్నా నోరు తెరిచిన తీరును బట్టి 'ఆ', 'ఊ' వేరువేరుగా వినిపిస్తాయి కదా! ఫిల్టర్ చేసే పని అదే.

ఆసిలేటర్ ఇచ్చే రంపపు పన్ను తరంగంలో మూల స్వరంతో పాటు దానికి 2, 3, 4 రెట్ల పౌనఃపున్యం గల అనుస్వరాలన్నీ ఉంటాయి. వాటి కంపన పరిమితి వరుసగా 2వ వంతు, 3వ వంతు, 4వ వంతు అవుతూ పోతుంది. చతురస్ర తరంగంలో బేసి అనుస్వరాలు మాత్రమే ఉంటాయి. ఇంతవరకు రెండు వాద్యాలూ ఒకటే. తేడాలు ఇక్కడి నుంచి మొదలవుతాయి.

మొదటి తేడా: ఆసిలేటర్లు ఎన్ని?

మినీమోగ్‌లో మూడు ఆసిలేటర్లు, ఒడిస్సీలో రెండు. ఈ లెక్క ఎందుకు ముఖ్యమో విస్పందనాల పాఠం గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. 440, 442 హెర్ట్‌జ్‌ల రెండు స్వరాలు కలిస్తే సెకనుకు 2 విస్పందనాలు వస్తాయి. ధ్వని ఒకే లయలో ఊగుతుంది. ఇప్పుడు మూడు తీసుకుందాం: 440, 441, 443. వీటి మధ్య తేడాలు 1, 2, 3. అంటే మూడు వేర్వేరు ఊపులు ఒకదానిమీద ఒకటి పడతాయి. చెవికి అది ఒక వాద్యం కాక చిన్న బృందం పలికినట్లుంటుంది. మినీమోగ్ మంద్రస్థాయిలో నిండుగా ఉంటుందని అనడానికి ఇదొక ముఖ్య కారణం.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. స్వరాన్ని మెల్లగా ఊపడానికి, ఫిల్టర్‌ను ఆడించడానికి నెమ్మదిగా కంపించే ఆసిలేటర్ ఒకటి కావాలి. 1970 నాటి మినీమోగ్‌లో అందుకు విడిగా ఏదీ లేదు. మూడవ ఆసిలేటర్‌నే ఆ పనికి దింపాలి. అప్పుడు పలకడానికి మిగిలేవి రెండే! ఒడిస్సీలో ఈ పనికి వేరే ఆసిలేటర్ మొదటి నుంచీ ఉంది. కనుక స్వరం ఊగుతూ పలకాల్సిన చోట 'మూడుకు రెండు' అనే లెక్క 'రెండుకు రెండు' అయిపోతుంది. 2016లో తిరిగి వచ్చిన మినీమోగ్‌లో నెమ్మది ఆసిలేటర్‌ను విడిగా చేర్చారు. పాత నమూనా, కొత్త నమూనా అనే తేడా కొనేవారికి ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

రెండవ తేడా: ఫిల్టర్ వాలు

ఫిల్టర్ ఒక పౌనఃపున్యం దాటిన అనుస్వరాలను తగ్గిస్తుంది. ఎంత వేగంగా తగ్గిస్తుందనేదే దాని వాలు. మినీమోగ్‌లో ఉన్నది ట్రాన్సిస్టర్లను నిచ్చెన మెట్లలా పేర్చిన ఫిల్టర్. దానికి రాబర్ట్ మోగ్ 1969లో పేటెంటు పొందారు. దాని వాలు ఒక స్థాయికి 24 డెసిబెల్‌లు. స్థాయి అంటే ఇక్కడ షడ్జం నుంచి పై షడ్జం దాకా, అంటే పౌనఃపున్యం రెట్టింపయ్యే దూరం. తొలి ఒడిస్సీ ఫిల్టర్ వాలు స్థాయికి 12 డెసిబెల్‌లు.

వీటిని మామూలు లెక్కలోకి మార్చుకుందాం. కత్తిరింపు హద్దుకు బాగా పైన, ఒక్కొక్క స్థాయి ఎక్కేకొద్దీ కంపన పరిమితి 12 డెసిబెల్‌ల ఫిల్టర్‌లో సుమారు 4వ వంతు అవుతుంది. 24 డెసిబెల్‌లలో సుమారు 16వ వంతు అవుతుంది. రెండు స్థాయిలు ఎక్కితే మొదటి దానిలో 16వ వంతు, రెండవ దానిలో 256వ వంతు. అంటే తొలి ఒడిస్సీలో పై అనుస్వరాలు కొంత మిగులుతాయి. అదే మనం 'పదును' అంటున్నది. మినీమోగ్‌లో అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయి కింది స్వరాలే నిలుస్తాయి. మనం 'వెచ్చదనం' అంటున్న దానిలో పెద్ద వాటా ఇదే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒడిస్సీ తర్వాతి నమూనాలలో 24 డెసిబెల్‌ల ఫిల్టర్ పెట్టారు. కాబట్టి "ఒడిస్సీ పదును" అనేటప్పుడు ఏ నమూనా అని అడగకపోతే ఆ మాటకు అర్థం లేదు.

మూడవ తేడా: అదనపు పనిముట్లు

ఒడిస్సీలో మినీమోగ్‌లో లేనివి కొన్ని ఉన్నాయి. ఒక ఆసిలేటర్ రెండవ దాన్ని తనతో పాటే మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టించే 'సింక్' ఒకటి. దానివల్ల గొంతు చించుకుని అరిచినట్లుండే ధ్వని వస్తుంది. రింగ్ మాడ్యులేటర్ రెండు తరంగాలను గుణిస్తుంది. 300, 200 హెర్ట్‌జ్‌ల శుద్ధ స్వరాలను గుణిస్తే వచ్చేవి వాటి మొత్తం 500, వాటి తేడా 100. ఒడిస్సీలో గుణించేది పల్స్ తరంగాలను కాబట్టి ఇలాంటి జంటలు ఎన్నో పుడతాయి. ధ్వని గంటలా, ఇత్తడి పళ్ళెంలా మోగుతుంది. మూడవది 'శాంపుల్ అండ్ హోల్డ్'. ఇది రొదలోని వోల్టేజిని లయ ప్రకారం తీసుకుని, మరుసటి దెబ్బ వరకు పట్టి ఉంచుతుంది. ఫలితంగా స్వరాలు ఏ వరుసా లేకుండా గెంతుతాయి. ఇవి కాక కింది స్వరాలను తగ్గించే మరో ఫిల్టర్ కూడా ఉంది.

ఒడిస్సీలో ఒకేసారి రెండు మెట్లు నొక్కితే రెండు స్వరాలు పలుకుతాయి. మినీమోగ్‌లో ఎన్ని నొక్కినా ఒక మెట్టు మాటే చెల్లుతుంది. కాని ఒడిస్సీలో ఆ రెండు స్వరాలకూ కలిపి ఫిల్టర్ ఒకటే, వర్ధకం ఒకటే. రెండు గొంతులకు ఒకే నోరు ఉన్నట్లు! కనుక దాన్ని హార్మోనియంలా వాయించవచ్చని ఆశపడకూడదు.

చేతికి ఏది అందుతుంది?

ధ్వనితో పాటు పని తీరు కూడా చూడాలి. మినీమోగ్ పలకను చూడండి. ఎడమ నుంచి కుడికి ఆసిలేటర్లు, మిక్సర్, ఫిల్టర్, వర్ధకం వరుసగా ఉంటాయి. ధ్వని నడిచే దారే పలక మీద బొమ్మగా కనిపిస్తుంది. తిప్పే నాబ్‌లు పెద్దవి. వేదిక మీద చీకటిలో కూడా చేతికి దొరుకుతాయి. ఎడమ పక్కన రెండు చక్రాలున్నాయి. ఒకటి స్వరాన్ని వంచడానికి, ఒకటి ఊపడానికి. మన సంగీతంలో స్వరం నిలకడగా ఉండదు, గమకంతో కదులుతుంది. మెట్ల వాద్యంలో గమకం పలికించాలంటే ఈ చక్రమే దిక్కు. తొలి ఒడిస్సీలో ఈ పనికి ఒక చిన్న నాబ్ మాత్రమే ఉండేది, తర్వాత నొక్కే మెత్తలు పెట్టారు. గమకాలు వాయించేవారు ఈ ఒక్క అంశం కోసమే మినీమోగ్ వైపు మొగ్గితే తప్పు లేదు. మెట్లు కూడా దానిలో 44, ఒడిస్సీలో 37.

ఒడిస్సీలో నాబ్‌ల బదులు జారే మీటలు ఎక్కువ. ఏ మీట ఎంత ఎత్తులో ఉందో ఒక్క చూపులో కనిపిస్తుంది. అమరికే ఒక గ్రాఫులా ఉంటుంది. అయితే మీటలు ఇరుకుగా, పక్కపక్కనే ఉంటాయి. వాటి చీలికల్లో దుమ్ము చేరుతుంది. పాత వాద్యం కొనేవారు ప్రతి మీటనూ జరిపి, గరగర వినిపిస్తుందేమో చూడాలి.

నాటి రెండు వాద్యాలకూ జ్ఞాపకశక్తి లేదు. నచ్చిన ధ్వని దొరికితే నాబ్‌ల స్థానాలు కాగితం మీద రాసుకోవలసిందే. ఇది లోపమే గాని, విద్యార్థికి ప్రయోగశాల రికార్డు రాసినంత మేలు చేస్తుంది.

ఎండాకాలం లెక్క

ఈ వాద్యాలలో 1 వోల్టు పెంచితే స్వరం ఒక స్థాయి పెరుగుతుంది. అర్ధస్వరానికి 12వ వంతు, అంటే సుమారు 83 మిల్లీవోల్టులు. ఈ సంబంధాన్ని ట్రాన్సిస్టర్ నిలబెడుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర దాని వోల్టేజి సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే విద్యుత్ ప్రవాహం రెట్టింపవుతుంది. అయితే ఈ 18 అనే సంఖ్య పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. 27 డిగ్రీల నుంచి 37 డిగ్రీలకు, అంటే 300 నుంచి 310 కెల్విన్‌లకు వెళితే 3 శాతానికి పైగా మారుతుంది. దిద్దుబాటు ఏర్పాటు లేని సర్క్యూట్‌లో మూడు స్థాయిలు ఎక్కేసరికి శ్రుతి ఒక అర్ధస్వరానికి మించి తప్పుతుంది! అందుకే తయారీదారులు ఉష్ణోగ్రతతో పాటు నిరోధం మారే రెసిస్టర్లను, జతకుదిరిన ట్రాన్సిస్టర్లను వాడతారు. మే నెలలో ఆరుబయట కచేరీ చేసే మన ఊళ్ళలో ఇది పుస్తకానికే పరిమితమైన లెక్క కాదు. ఏ వాద్యమైనా అరగంట ముందే ఆన్ చేసి ఉంచి, శ్రుతి సరిచూసుకుని మొదలుపెట్టాలి. కొనేటప్పుడు కూడా ఆన్ చేసిన వెంటనే ఒకసారి, అరగంట తర్వాత ఒకసారి కింది షడ్జం, పై షడ్జం వాయించి పోల్చి చూడాలి.

ఎలా తేల్చుకోవాలి?

మంచి ప్రయోగంలో ఒక్క అంశాన్నే మార్చి, మిగిలినవన్నీ మారకుండా ఉంచుతాం. ఇక్కడా అంతే. రెండు వాద్యాలలోనూ ఒకే రంపపు పన్ను తరంగం, ఒకే స్వరం, ఫిల్టర్ పూర్తిగా తెరిచి వినండి. రెంటి బిగ్గరతనం సమానం చేయండి. ఇది మరువకూడదు, ఎందుకంటే కాస్త బిగ్గరగా ఉన్నదే చెవికి బాగున్నట్లు తోస్తుంది. ఒక స్నేహితుణ్ణి వాయించమని, మీరు వెనుదిరిగి కూర్చోండి. ఏది ఏదో 10 సార్లు చెప్పి కాగితం మీద రాయండి. తర్వాత ఫిల్టర్‌ను సగం మూసి మళ్ళీ చేయండి. అసలు వాద్యాలు దొరకకపోతే సాఫ్ట్‌వేర్ రూపాలతో చేసినా పద్ధతి నేర్చుకున్నట్లే.

మరి నా సలహా ఏమిటని అడుగుతారు. మీరు బృందంలో మంద్రస్వరాలు, ఒంటి స్వరంతో సాగే ఆలాపనలు వాయించేవారైతే మినీమోగ్ వర్గం వాద్యం తీసుకోండి. నాటకానికి, లఘుచిత్రానికి గాలి, వాన, గంటలు, యంత్రాల చప్పుళ్ళు సృష్టించేవారైతే ఒడిస్సీ మీది. ధ్వనిశాస్త్రం నేర్చుకోవడానికే ఒక వాద్యం కావాలంటే నేను ఒడిస్సీ వైపే మొగ్గుతాను. గుణింపు, సింక్, యాదృచ్ఛిక వోల్టేజి, రెండు రకాల వడపోత ఒక్కచోట చూపించగలదు కనుక. ఈ మూడింటిలో మీ పని ఏదో తేల్చుకోకుండా దుకాణానికి వెళ్ళకండి. వాద్యం పేరు గొప్పదైనంత మాత్రాన మీ అవసరం దానికి తగ్గట్టు మారదు.

పాఠం ముగిసేలోగా మీకు మూడు ప్రశ్నలు. ఒకటి: 220, 222, 225 హెర్ట్‌జ్‌ల మూడు స్వరాలు కలిస్తే ఎన్నెన్ని విస్పందనాలు వస్తాయి? రెండు: 24 డెసిబెల్‌ల ఫిల్టర్‌లో హద్దుకు మూడు స్థాయిల పైన కంపన పరిమితి ఎన్నో వంతు అవుతుంది? మూడు: మీ ఇంట్లో ఉన్న ఏవైనా రెండు వస్తువులలో ఏది మేలైనదో ఇప్పటిదాకా ఎలా చెబుతున్నారు? ఆ జవాబు వెనుక కొలత ఉందా, విన్న మాట ఉందా? మొదటి రెంటికీ జవాబు కాగితం మీద దొరుకుతుంది. మూడవ దానికి ఇంట్లో వాళ్ళతో కూర్చుని మాట్లాడండి.

సెలవు.