మా తోడికోడలి ఎం.కామ్. చదువు



మా తోడికోడలు ముప్ఫైనాలుగేళ్ళ వయసులో ఎం.కామ్. చదువుతానన్నప్పుడు, "ఇప్పుడు చదివి ఊళ్ళేలాలా?" అన్నది మా అత్తగారు కాదు, నేనే. ఈ మాట మీ దగ్గర దాచి మిగతాది చెప్పడం భావ్యం కాదు. నేను పదో తరగతితో పుస్తకాలు అటకెక్కించినదాన్ని. ఆవిడ పెళ్ళికి ముందే బి.కామ్. ప్యాసయింది. నా మాట వెనుక కాస్త అసూయ కూడా ఉందేమో!

ఇద్దరు పిల్లలతో రోజూ కాలేజీకి వెళ్ళడం ఎలాగూ కుదరదు గదా. అందుకని దూరవిద్యలో చేరింది. ఇటువంటి చదువు మనకు కొత్తేమీ కాదు. దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే మొదలైంది. ఇప్పుడు దానికి అంబేద్కర్ గారి పేరుంది. ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరున ఉన్నది 1985లో వచ్చింది. డిగ్రీ చేతిలో ఉంటే ఎం.కామ్. రెండేళ్ళు. ఇంట్లో చదువుకోవడం, సెలవు రోజుల్లో క్లాసులకు వెళ్ళడం, పరీక్షలు రాయడం.

"అయితే మీ తోడికోడలు ఆడిటరవుతుందన్నమాట!" అని పక్కింటావిడ అంది. కాదండీ. కంపెనీ లెక్కలు ఆడిట్ చేసి సంతకం పెట్టాలంటే చార్టర్డ్ అకౌంటెంట్ కావాలి. ఆ పరీక్షలు వేరు, జరిపే సంస్థ వేరు. ఎం.కామ్. చదివి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాలనుకొంటే, మామూలుగా ఆ పైన నెట్ గాని సెట్ గాని ప్యాసవ్వాలి. చేరేముందే ఇవి కనుక్కోవడం మంచిది.

మొదటి ఏడాది కాస్ట్ అకౌంటింగులో తప్పింది. ఆ రాత్రి గిన్నెలు తోముతూ, "మానెయ్యనా అక్కయ్యా?" అని అడిగింది. నేను నోరు విప్పలేదు. విప్పితే మానెయ్యమనే అనేదాన్ని.

నాలుగు రోజులు పోయాక, లెక్కలు వేసి చూసుకొంటానని నా పచ్చళ్ళ నోటుపుస్తకం అడిగింది. నేను ఆవకాయ, గోంగూర పెట్టి తెలిసినవాళ్ళకు అమ్ముతూంటాను. అందుకోసం సందు చివర ఒక గది తీసుకొన్నాను, నెలకు 3,000 అద్దె. సరుకులూ నూనే సీసా అన్నీ కలిపి కిలోకు 240 అవుతుంది, 300కి ఇస్తాను. అరవై రూపాయలూ లాభమేననుకొని మురిసిపోయేదాన్ని.

"ఒక్క కిలో అమ్మినా, వంద అమ్మినా అద్దె మారదు గదండీ," అంది. "కిలోకు 60 చొప్పున 50 కిలోలు అమ్మితే అద్దె మటుకు వస్తుంది. ఆ పై కిలో నుంచీ మీ లాభం." నేను నెలకు అమ్మేది 40 కిలోలు! అంటే నెలనెలా 600 చేతినుంచి పెట్టుకొంటున్నాను. మా వారు ఇచ్చే ఇంటిఖర్చు డబ్బులో కలిసిపోవడం వల్ల నాకు తెలియలేదు.

"మరి మీ కూలి ఏ ఖాతాలో రాశారక్కయ్యా?" అంది.

రాయలేదు. ఏ ఇల్లాలు రాసింది గనుక? జమాఖర్చులు రెండువైపులా సరితూగేట్టు రాసే పద్ధతిని 1494లో వెనిస్ నగరంలో లూకా పాచోలీ అనే సన్యాసి అచ్చు వేయించాడట. వంటచేసేవాళ్ళ కూలి సంగతి ఆయనకు మాత్రం ఏం తెలుస్తుంది, సన్యాసి గదా! ఇలా నేనంటే మా తోడికోడలు పడీపడీ నవ్వింది. పరీక్ష తప్పాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

గది ఖాళీ చేశాను. జాడీలు మా వెనక వరండాలోకి వచ్చాయి. ధర ఇరవై రూపాయలు పెంచితే ఇద్దరు మానుకొన్నారు, తక్కినవాళ్ళు కొంటూనే ఉన్నారు. తప్పిన పేపరు ఆవిడ మళ్ళీ రాసి గట్టెక్కింది.

వచ్చే నెలలో ఆఖరి పరీక్షలు. అన్నాళ్ళూ వంట నాది. పిల్లలకు జడలు వేసి, క్యారేజీలు కట్టి బడికి పంపే పని మా మరిది తనంతట తానే ఒప్పుకొన్నాడు. క్యారేజీ సంగతి సరే, జడలెలా వేస్తాడో చూడాలి.