సార్, పైన ఇంకా ఊరుంది!

మందస కొండల నుంచి, మెళియాపుట్టి నుంచి ఇంత దూరం కవిటి వచ్చిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్క విషయం చెబుతాను. ఢిల్లీ ఆఫీసర్లకి మన ఊళ్లు ఎవరు చూపిస్తారు?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసింది. కింద కొబ్బరి పోయింది, పైన జీడి పోయింది. ఇలాంటప్పుడు రాష్ట్రం నష్టం లెక్కగట్టి పంపుతుంది, కేంద్ర బృందం చూడ్డానికి వస్తుంది. వాళ్లకుండేది కొద్ది రోజులే. ఎక్కడికి తీసుకెళ్లాలో జిల్లా ఆఫీసర్లు చూసుకుంటారు, ఎమ్మెల్యే, ఎంపీ తమ మాట చెబుతారు. కారు ఎక్కలేని ఊరు ఆ దారిలో పడడం కష్టం.

చూపిస్తే ఏమవుతుందో ఈ కవిటే సాక్ష్యం. కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి మనుషులు పోయారు. జనం అడిగారు, ప్రజాప్రతినిధులు చట్టసభల్లో మాట్లాడారు, బయటి డాక్టర్లు వచ్చి చూశారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి. జబ్బుకి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు గానీ, ఉద్దానం పేరు ఢిల్లీకి తెలుసు.

మరి మన సంగతేటి? 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట ఐటీడీఏ పార్వతీపురం మన్యంలోకి పోయింది. ఇటు మిగిలిన సవర, జాతాపు ఊళ్లు చాలావరకు ఐదో షెడ్యూల్ బయటే ఉన్నాయి. 1/70 చట్టం షెడ్యూల్ ప్రాంతంలోనే పనిచేస్తుంది. బయట ఊళ్లో ఆదివాసీ భూమి చేజారితే అది ఆదుకోదు. ఊరిని షెడ్యూల్‌లో చేర్చాలంటే గవర్నరుని సంప్రదించి రాష్ట్రపతి ఉత్తర్వు ఇవ్వాలి. అంటే ఢిల్లీ కదలాలి.

ఇంకోటి వినండి. 2024 అక్టోబరు 2న మొదలైన ధర్తీ ఆబా పథకంలో 500 మంది జనాభా ఉండి, అందులో సగం మంది గిరిజనులైన ఊళ్లను తీసుకుంటారు. ఆకాంక్షిత జిల్లాల్లో అయితే 50 మంది గిరిజనులున్నా చాలు. పార్వతీపురం మన్యం ఆ జాబితాలో ఉంది, శ్రీకాకుళం లేదు. ఒకే జాతి, ఒకే కొండ, గీతకి అటొక లెక్క, ఇటొక లెక్క. చిన్న గూడ పెద్ద రెవెన్యూ గ్రామంలో కలిసిపోతే అసలు కనబడదు.

అందుకే మన ఎమ్మెల్యేల్ని, ఎంపీని గట్టిగా అడుగుదాం. సన్మానాలు మాకొద్దు, ఒక్కరోజు ఢిల్లీ ఆఫీసర్లని వెంటబెట్టుకుని డోలీ మోసే దారిలో నడిచి రండి అని. వాళ్లొచ్చేలోపు మన పని మనం చెయ్యాలి. ప్రతి గూడలో ఇళ్లెన్ని, మనుషులెంతమంది, సాగు చేస్తున్న భూమెంత, పట్టాలెన్ని, ఆసుపత్రి ఎంత దూరం, వానాకాలంలో దారి ఎన్నాళ్లు తెగుతుంది, అన్నీ రాయండి. గ్రామస్థులంతా కూర్చుని తీర్మానం చెయ్యండి, సంతకాలు పెట్టండి. నకలు దాచుకోండి.

కొబ్బరితోట దగ్గర కారు వెనక్కి తిరిగేటప్పుడు, ఆ కాగితం పట్టుకుని "సార్, పైన ఇంకా ఊరుంది" అనేవాళ్లు అక్కడ నిలబడాలి. ఆ పని చదువుకున్న మీదే.

జై ఆదివాసీ!