మెదడు, మత్తు, ఊపిరి



మనము గాఢనిద్రలో నున్నపుడు ఊపిరి పీల్పించువారెవరు? మన మెదడే. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. వెన్నుపాము దానికి రాజబాట. నరములు చిన్న బాటలు. కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్న వార్త ఈ బాటల వెంట మెదడును చేరిన పిమ్మటనే మనకు నొప్పి తెలియును.

మెదడు పైభాగమైన మస్తిష్కము తలపునకు, మాటకు, తెలివికి స్థానము. వెనుకనున్న అనుమస్తిష్కము నడకలో తూలకుండ కాచును. అట్టడుగున వెన్నుపాముతో కలియుచోట మజ్జాముఖమున్నది. గుండె తనంతట తాను కొట్టుకొనగలదు. మజ్జాముఖము దాని వేగమును సవరించును. ఊపిరికి మాత్రము మజ్జాముఖము ఆజ్ఞ లేనిదే గడవదు.

ఈ భేదమును గూర్చి మన హైదరాబాదులోనే గొప్ప పరిశోధన జరిగినది. 1847లో ఎడింబరో వైద్యుడు సింప్సను క్లోరోఫారమును మత్తుమందుగా వాడెను. కోతలోని బాధ తొలగినది. కాని మరుసటి యేడే ఇంగ్లండులో హన్నా గ్రీనరు అను బాలిక, కాలిగోరు తీయించుకొనుటకై మత్తు పీల్చి, నిమిషములలో మరణించెను. ఇట్టి చావులలో ముందు నిలుచునది ఊపిరియా, గుండెయా అని వైద్యులు వాదులాడిరి.

హైదరాబాదు వైద్యపాఠశాల ప్రధానాచార్యుడు ఎడ్వర్డు లారీ ఊపిరి పక్షమువాడు. 1888లో ఇచట మొదటి క్లోరోఫారం కమిషను జరిగెను. దాని తీర్పును లండనులోని లాన్సెట్ పత్రిక శంకించెను. అంతట నిజాం ప్రభుత్వము 1,000 పౌనులిచ్చి, ఆ పత్రిక పంపిన లాడర్ బ్రంటనును 1889లో రప్పించెను. అప్పటి దివాను సర్ ఆస్మాన్ జా. నేటి బషీర్‌బాగు ఆయన దేవిడీ పేరుననే వెలసినది. మేడ పోయినను పేరు మిగిలినది.

నాలుగు వందలకు మించిన జంతువులపై పరీక్షలు జరిపి, ముందు ఊపిరియే నిలుచునని రెండవ కమిషను కూడ తీర్పు చెప్పెను. మత్తు పైనుండి క్రిందికి దిగును: మొదట తెలివి, తరువాత నొప్పికి ముడుచుకొను గుణము, మోతాదు మించినచో తుదకు మజ్జాముఖము అణగిపోవును. కావున వైద్యుడు ఊపిరిని కనిపెట్టియుండవలెను. ఇది సత్యమే, కాని సగము సత్యము. తేలికపాటి మత్తులో గుండెయే హఠాత్తుగా అదరి ఆగవచ్చునని 1911లో గుడ్మన్ లెవీ పిల్లులపై చూపెను. నేడు క్లోరోఫారము మత్తుమందుగా వాడుకలో లేదు. శస్త్రచికిత్సలో ఊపిరిని, గుండెను రెంటిని కనిపెట్టుదురు.

ఇందు మనమెరుగవలసిన మాట యొకటి కలదు. తెలివి తప్పినవానికి గొంతులో నీరు పడినను దగ్గు రాకపోవచ్చును; ఆ నీరు ఊపిరితిత్తులలోనికి దిగును. కావున మూర్ఛిల్లినవాని నోట నీరు పోయవలదు. ఊపిరి ఆడుచున్నదో లేదో ముందు చూడుడు. ఆడుచున్నచో ఒక ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, వైద్యునికి కబురంపుడు. ఆపరేషనుకు ముందు ఏమియు తినరాదని వైద్యుడు చెప్పుటయు ఇందులకే. చాటుగా కాఫీ త్రాగించుట రోగికి ప్రేమ చేయుట కాదు, ప్రాణము మీదికి తెచ్చుట.

సగము సత్యమునకు తక్కిన సగమును చేర్చునది చదువు. ఆ చదువును ఇరువదియైదేండ్లుగా ఊరివారి ముంగిటికి తెచ్చిన ఈ గ్రంథాలయము కలకాలము వర్ధిల్లుగాక.