పాఠభేదముల పద్దు



నేఁటి విషయము వినఁగానే "బడిపంతులున కీ గోల యేల?" యని కొందఱు నవ్వవచ్చును. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు తమ మార్పుల లెక్కను నిలుపుకొనుటకు వాడు సాధనమును సోర్స్ కంట్రోల్ అందురు. ఆ సాధనము వ్రాఁతకు వాడెడి యెడిటరునందే యిమిడి యుండవలయునా, వెలుపల వేఱుగా నున్నఁ జాలునా యనునది మన విచారము. దీనికి సమాధానము నేను పుస్తకమునఁ జదువలేదు, నష్టపడి నేర్చుకొంటిని.

ప్రాచీనగ్రంథములకుఁ బ్రతులు వ్రాయునపుడు లేఖకునికొక పాఠము పుట్టినది. ఎవఁడు, ఎప్పుడు, ఏల మార్చెనో చెప్పఁగల సాక్షి లేఁడు. ప్రోగ్రాములకును అట్టి యాపదయే కలదు. దానిని దీర్చుటకై 1972లో అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌నందు మార్క్ రాచ్‌కైండ్ యస్.సి.సి.యస్. అను సాధనమును రచించెను. తరువాత పర్డ్యూ విశ్వవిద్యాలయమున వాల్టర్ టిచీ ఆర్.సి.యస్. నిర్మించెను. అది కడపటి ప్రతిని మాత్రము పూర్తిగా నుంచి, వెనుకటి ప్రతులను రాఁబట్టుటకుఁ దగిన భేదములను మాత్రమే దాఁచును. 2005 ఏప్రిలులో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన గిట్ నేఁడు మిక్కిలి వ్యాప్తి నొందినది. అందు 'కమిట్' అను ప్రతి నమోదుతోడను కర్త పేరు, కాలము, కారణము నిలిచియుండును.

ఇఁక నా కథ. మా గురువుగారు వ్యాఖ్యానించి విడిచిన యొక పద్యకావ్యమును పరిష్కరింప నుద్యమించి, 14 ఫైళ్లుగాఁ గంప్యూటరున కెక్కించితిని. నా మనుమఁడు గిట్‌ను స్థాపించి, వేఱొక నల్లని కిటికీలో ఆజ్ఞలను టైపు చేయు విధము నేర్పెను. ఆ యాజ్ఞలను కాగితముపై వ్రాసి గోడకు అంటించుకొంటిని. కాని పనిలో మునిఁగినవానికి ఆ కిటికీ జ్ఞప్తికి రాదు. పొరుగూర నొక గృహస్థునింటఁ దాళపత్రప్రతి యున్నదని విని, అచ్చట 11 దినములు కూర్చుండి పాఠభేదములు గుర్తించితిని. అందు ముఖ్యమైనవి ర, ఱ ల భేదములు. 'అరుగు' అనఁగాఁ బోవుట. 'అఱుగు' అనఁగా జీర్ణమగుట. ఏ ప్రతిలో నే యక్షరమున్నదో తెలుపుటయే నా పద్దు. ఆ 11 దినములలో ఒక్కమాఱైనను కమిట్ చేయలేదు.

తిరిగి వచ్చిన రాత్రి, బాలుర కొఱకు ఒక ప్రకరణమును నేఁటి పాఠ్యపుస్తకముల వ్రాఁతలో నీయఁదలఁచి, ఱ కు బదులు ర నుంచుమని యెడిటరునకు ఆజ్ఞ యిచ్చితిని. ఒక ఫైలున జరుగవలసినది నా పొరపాటున 14 ఫైళ్లలోను జరిగినది. అన్నిటిని సేవ్ చేసి, మూసి, నిద్రించితిని. మఱునాఁడు చూడఁగా నెల్లయెడల 'అరుగు – అరుగు' అని యిరువైపుల నొకటే పాఠము! వ్యాకరణబలముచే సాధురూపమును మఱల వ్రాయఁగలను. కాని యే ప్రతి యేమని సాక్ష్యమిచ్చెనో యెట్లు చెప్పఁగలను? మనుమఁడు పాత కమిట్‌ను వెలికిఁ దీసెను గాని, అది ప్రయాణమునకు ముందటిది. "తాతయ్యా, సేవ్ చేయడం వేరు, కమిట్ చేయడం వేరు" అని మాత్రము మెల్లగా ననెను.

అంతట వాఁడు నా యెడిటరునే మార్చెను. ఇప్పుడు నేను వాడు విజువల్ స్టూడియో కోడ్ 2015లో వెలువడినది. నాఁటినుండియు గిట్ తోడ్పాటు దానిలోపలనే కలదు. ఈ తలంపు క్రొత్తది కాదు. ఈమాక్స్ అను నెడిటరునకై యెరిక్ రేమండ్ 1992లోనే వీసీ యను భాగమును వ్రాసెను.

దీని పోకడ యిట్టిది. ఎడిటరునకు గిట్ గర్భమంతయుఁ దెలియ నక్కఱలేదు. ఇరువురి నడుమ నొక యొడంబడిక చాలును. మాఱిన ఫైళ్లెవ్వి? మార్పునకుఁ బూర్వపుఁ బ్రతి యెట్టిది? ఈ ప్రశ్నలకు సోర్స్ కంట్రోల్ ఉత్తరమిచ్చినచో, ఎడిటరు రెండు ప్రతులను బోల్చి, మాఱిన పంక్తి ప్రక్క అంచున గుర్తుంచును; మాఱిన ఫైళ్ల సంఖ్యను మూలఁ జూపును. సంధిసూత్ర మొక్కటి యున్న నెన్ని పదములైనను గలియును గదా! అట్లే యొడంబడిక యొక్కటి యున్నచో గిట్ స్థానమున మఱియొక సాధనమునైనను నిలుపవచ్చును.

ఫైలు పేరు మార్చుట చిన్న పనిగాఁ దోఁచును. సబ్‌వర్షన్ అను సాధనమున, పేరు మార్చితినని దానికిఁ జెప్పకున్నచో, పాతది పోయినదనియు, క్రొత్తది పుట్టినదనియు నెంచును, చరిత్ర తెగును. గిట్ పేరుమార్పును వ్రాసికొనదు. లోనివ్రాఁతల పోలికనుబట్టి యూహించును. కావున పేరు మార్చెడి యెడిటరే ఆ సంగతిని సోర్స్ కంట్రోలునకుఁ దెలుపుట మేలు. ఇంకొకటి: భేదములు పంక్తులనుబట్టి లెక్కింపఁబడును. పెద్దపేరా నంతయు నొకే పంక్తిగా వ్రాసిన, ఒక్క యక్షరము మార్చినను పేరా యంతయు మాఱినట్లు చూపును. నేను వాక్యమున కొక పంక్తి చొప్పున వ్రాయుచున్నాను.

లోపల నున్నంత మాత్రమున సాధనము సర్వరక్ష కాదు. మార్పులను రద్దుచేయు మీటయు ఆ ప్రక్కనే యుండును. కమిట్ చేయనివానిని అది క్షణమునఁ జెఱుపఁగలదు. యంత్రము చెడిన నందలి చరిత్రయుఁ జెడును గాన, వేఱొక యంత్రమున నింకొక ప్రతి యుండవలయును. అయినను వెలుపలి సాధనమును మనము తలఁచి పిలువవలయును. లోపలిది తానే మనలఁ బలుకరించును. ప్రతి సాయంకాలమును గమిట్ చేసి, ఆ రాత్రి మూల 14 అను సంఖ్యను జూచియున్నచో నాకు నిద్ర పట్టియుండునా?

పిదప నేను మఱల నా గృహస్థునింటికిఁ బోయితిని. ఆయన విసుగులేక కట్ట విప్పి యిచ్చెను. పద్దు మిక్కిలిభాగము తిరిగి కుదిరినది. కాని మూఁడు కమ్మల యంచులు ఈలోపల రాలిపోయినవి. అచ్చటి పాఠములు నేనొకమాఱు చదివినవే, జ్ఞప్తికి లేవు. ఊహించి వ్రాయుటకు మనసొప్పలేదు. ఆ చోట్లు ఖాళీగా విడిచి, ఖాళీ యేల యున్నదో కమిట్‌లో వ్రాసితిని. నా పేరును, తేదియును అందే కలవు.