వెన్నుపాము జబ్బు, వేళ్ల నేర్పు, బీడీ లెక్కల పుస్తకం

ఎవరి స్మృత్యర్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైనదో ఆ వైద్యులు కోనరావుపేట వాసులకు పరిచయం అక్కరలేనివారు. నాడి చూశాక కూడా రోగి చేతిని వదలక వేళ్లను ఒక్కొక్కటిగా ఒత్తి చూసే వారి అలవాటును అప్పట్లో కొందరు చాదస్తమన్నారని మాత్రం గుర్తుచేస్తే చాలు. నేటి విషయమూ ఆ వేళ్ల గురించే.

మెడ ఎముకలు అరిగిగాని, నల్లగొండ వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఎముకలను కలిపే స్నాయువులు గట్టిపడిగాని వెన్నుపాము నొక్కుకుపోయి దెబ్బతినే స్థితిని మైలోపతి అంటారు. దానివల్ల నడకతోపాటు చేతి పనితనమూ చెడుతుందన్నది తెలిసిన సంగతే. వివాదమల్లా ఆ నష్టాన్ని దేనితో కొలవాలన్నది.

1972 నాటి నూరిక్ శ్రేణి నడకనే చూసి చేతిని వదిలేసింది. జపాన్ ఆర్థోపెడిక్ అసోసియేషన్ కొలమానం చేతి కదలికకు ఇచ్చిన మార్కులు చాప్‌స్టిక్స్ అనే పుల్లలతో తినగలగడంపై ఆధారపడ్డాయి. 1991లో బెంజెల్ బృందం ఆ పుల్లలను తీసి చెంచాను, చొక్కా గుండీలను పెట్టింది. అన్నం చేత్తో కలిపి ముద్ద చేసుకునేవారిని, హుక్కుల రవికె తొడిగేవారిని ఇవే అడగడమేమిటంటే, కొలమానం ప్రపంచమంతటా ఒకటే ఉండాలన్న జవాబు వస్తుంది. జపాన్ దాటగానే మారిన కొలమానం సిరిసిల్ల చేరాక మారరాదనడం ఏ తర్కమో బోధపడదు.

దీటైన ప్రతివాదం 1987లో ఒనో బృందం ప్రతిపాదించిన పరీక్షను ఆశ్రయించినవారిది. అరచేయి కిందికి ఉంచి 10 సెకన్లలో పిడికిలిని ఎన్నిసార్లు బిగించి విప్పగలరో లెక్కిస్తారు. 20కి తగ్గితే అనుమానించాలి. ఖర్చు లేదు, భాష అడ్డురాదు. అయితే మణికట్టును వంచి ఆ ఊపుతో వేళ్లు విప్పే రోగిని పసిగట్టకపోతే లెక్క తప్పుతుంది. పైగా ఆ అంకె వేగాన్నే చెబుతుంది. నానిన తునికాకును కత్తిరించి, తంబాకు వేసి బీడీ చుట్టి దారం కట్టడానికైనా, సాంచా (మరమగ్గం)పై తెగిన పోగును దొరకబుచ్చుకుని ముడివేయడానికైనా వేలికొనల స్పర్శ కావాలి. స్పర్శ సమాచారంలో ప్రధాన భాగం వెన్నుపాము వెనుక భాగపు తంతువుల ద్వారా మెదడుకు చేరుతుంది, పిడికిలిని నడిపించే ఆజ్ఞలు వేరే తంతువుల ద్వారా దిగుతాయి. కాబట్టి ఒకటి చెడినంత మాత్రాన రెండోది అదే మేరకు చెడాలని లేదు.

అందుచేత బీడీ చుట్టడాన్నే కొలమానం చేద్దామంటే, అది నేర్చిన విద్య, ఆరోగ్యవంతుడే చుట్టలేకపోవచ్చు, అటువంటిదానికి ప్రమాణమేదన్న ఆక్షేపణ సబబైనదే. అందుకే రోగిని ఇతరులతో కాక పూర్వపు తనతోనే పోల్చాలి, ఆ పూర్వపు లెక్క బీడీ కార్మికురాలి లెక్కల పుస్తకంలోనే ఉంటుంది. రోజుకెన్ని అప్పగించిందో వేగానికి, చాటన్‌లో, అంటే నాసిరకం బీడీల ఏరివేతలో, ఎన్ని తీసివేశారో నాణ్యతకు సాక్ష్యం. జబ్బు బయటపడకముందరి పుటలూ అందులో ఉంటాయి, ఏ ఆసుపత్రి రికార్డుకూ ఈ సౌకర్యం లేదు. కూతురు చేయి వేసిన రోజులను, కార్ఖానా ఆకు తక్కువిచ్చిన నెలలను మాత్రం విడదీయాలి.

ప్రస్తుతం తలపెట్టిన అధ్యయనంలో శస్త్రచికిత్సకు ముందు, తరువాత ఈ పుటలనూ 10 సెకన్ల లెక్కనూ పక్కపక్కన ఉంచి చూడాలన్నది సంకల్పం. పుటల నకళ్లను పని ఇచ్చే టేకేదారు ద్వారా కాక, రోగి సమ్మతితో రోగి నుంచే తీసుకోవాలి. ఎందుకంటే టేకేదారు వైద్యుడి కాగితం చూసి పని ఇవ్వడం ఆపేస్తే ఆ మరుసటి నెల నుంచి పుస్తకంలో కొలవడానికి ఏమీ ఉండదు.