పరుగెత్తే పిల్లలకు పిండిపదార్థం



మనలో చాలామందికి షుగరు ఉంది. డాక్టర్లు అన్నం తగ్గించమన్నారు, తగ్గించుకున్నాం. అంతవరకు సబబే. చిక్కేమిటంటే, తాతల పథ్యం మనవలకూ అంటుకుంటోంది. మా మనవరాలు 21 కిలోమీటర్ల పరుగుకు తయారవుతూ, లావెక్కుతానని అన్నం పూర్తిగా మానేసింది. ఒకనాడు పదో కిలోమీటరు దాటాక కళ్లు తిరిగి రోడ్డు పక్కనే కూలబడింది. అప్పటినుంచి ఈ విషయం శ్రద్ధగా చదివాను.

మన ఆఫీసు భాషలో చెబుతాను. అన్నమైనా, రొట్టైనా, అరటిపండైనా అందులోని పిండిపదార్థం చాలావరకు గ్లూకోజుగా మారుతుంది. ఖర్చుకాగా మిగిలింది కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. ఇది పర్మనెంట్ అడ్వాన్సు వంటిది. వెంటనే చేతికందుతుంది గాని మొత్తం స్వల్పం, సుమారు 400 నుంచి 500 గ్రాములు. కొవ్వు మన జి.పి.ఎఫ్. నిల్వ ఘనమే, శాంక్షనై చేతికొచ్చేసరికి ఆలస్యం! గట్టిగా పరుగెత్తితే గంటన్నర, రెండు గంటల్లో అడ్వాన్సు అడుగంటుతుంది. మారథాన్‌లో 30 కిలోమీటర్లు దాటాక చాలామంది చతికిలబడేది ఇందుకే. అన్నం మానినవారు సగం ఖాళీ పెట్టెతోనే బయలుదేరుతారు.

కెన్యా మారథాన్ వీరుడు కిప్చోగె తినేది ఉగాలి. అంటే మొక్కజొన్నపిండి ముద్ద, మన రాగిసంకటికి దాయాది.

రాగుల్లో పిండిపదార్థం ఉండదని కొందరి నమ్మకం. నూరు గ్రాముల బియ్యంలో 78 గ్రాములుంటే రాగుల్లో, జొన్నల్లో సుమారు 67 ఉంటుంది. తేడా ప్రధానంగా పీచులో. రోజువారీ తిండికి అది మేలే. పరుగు పందెం నాటి ఉదయం మాత్రం పీచు ఎక్కువైతే కడుపులో గడబిడ చేస్తుంది. ఆ పూట రెండు మూడు గంటల ముందు ఇడ్లీలు, అరటిపండు హాయి. నెయ్యికారం దోసె మర్నాటికి వాయిదా వేసుకోవాలి. పరుగు గంట దాటితే, గంటకు 30 నుంచి 60 గ్రాములు దారిలోనే అందాలి. ఓ మోస్తరు అరటిపండులో 25 గ్రాములుంటుంది.

ఇదంతా పరుగెత్తేవారి లెక్క. మనం పార్కులో అరగంట నడిచి వచ్చి రెండు ప్లేట్ల ఇడ్లీ లాగించడానికి అనుమతి కాదు. ఇన్సులిన్ గాని, షుగరు బాగా దిగిపోయే అవకాశమున్న మాత్రలు గాని వాడేవారు డాక్టరుగారిని అడిగి, నడకకు వెళ్లేటప్పుడు మూడు చెంచాల పంచదార పొట్లం కట్టి జేబులో ఉంచుకోండి.